డిసెంబరు 31 తీర్మానం ఫిబ్రవరి దాటాలంటే

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పన్నెండు కొట్టగానే, కొత్త ఏడాదికి ఒక బైబిలు వచనం రాసిన వాగ్దాన కార్డు చేతికొస్తుంది. ఈ ఏడాదికి మీ తీర్మానం ఏమిటని పాస్టరు గారు అడిగితే చేతులు లేస్తాయి. ఏడాదిలో బైబిలు పూర్తయ్యేలా రోజుకు మూడు అధ్యాయాలు, తెల్లవారుజామున నాలుగింటికి ప్రార్థన, ప్రతి శుక్రవారం ఉపవాసం. ఆ రాత్రి ఎవరూ అబద్ధమాడరు. అయినా ఫిబ్రవరి రెండో వారానికి చాలా ఇళ్లలో బైబిలు మళ్లీ టీవీ పక్క అరలోకి వెళ్లిపోతుంది.

ఎందుకో తెలియాలంటే క్యాలెండరు ముందు పెట్టుకుంటే చాలు. ఆదికాండం 50 అధ్యాయాలు, నిర్గమకాండం 40. రోజుకు మూడు చొప్పున జనవరి 30కి రెండూ అయిపోతాయి. 31న లేవీయకాండం మొదలు. ఫిబ్రవరి 4న మీ వంతుకొచ్చేవి 13, 14, 15 అధ్యాయాలు. చర్మం మీద కుష్ఠు మచ్చలు, ఇంటి గోడకు పట్టిన కుష్ఠు, స్రావం గల మనుషుల శుద్ధి, అన్నీ కలిపి 149 వచనాలు. నిద్రకళ్లతో, చెప్పేవాళ్లెవరూ పక్కన లేకుండా ఆ రోజు దాటేవాళ్లు తక్కువ. పోనీ ఒక్కరోజూ తప్పకుండా చదివినా ఏడాది చివరికి 1095 అధ్యాయాలే అవుతాయి. బైబిల్లో ఉన్నవి 1189. అంటే ఆ తీర్మానం లెక్క పుట్టుకలోనే తప్పు.

ఆగిపోయినవాళ్లు తమ భక్తి చాలలేదనుకుంటారు. నిజానికి చాలామంది దగ్గర చాలనిది ఏర్పాటు. కింద చెప్పేది కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్లకు, అలాగే ఏళ్లుగా సంఘంలో ఉండి ప్రతి జనవరిలో మొదలుపెట్టి ఫిబ్రవరిలో వదిలేసేవాళ్లకు.

ముందు ఖర్చు రాసుకోండి

గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని యేసు అన్నాడు (లూకా 14:28). స్లాబు పడక ఆగిపోయిన ఇల్లు ప్రతి ఊళ్లోనూ ఒకటి ఉంటుంది. చువ్వలు తుప్పు పట్టి పైకి చూస్తుంటాయి. ఆ ఇంటాయనకు సొంతింటి మీద ఆశ లేక కాదు, స్లాబు దాకా లెక్క వేసుకోక అలా అయింది.

తెల్ల కాగితం తీసుకుని మూడు సంగతులు రాయండి. మొదటిది వేళ. రేపు ఎలా గడవాలో కాదు, నిన్న నిజంగా ఎలా గడిచిందో గంటల వారీగా రాయండి. ఎన్నింటికి లేచారు, ఫోను మీద ఎంతసేపు పోయింది, ఎన్నింటికి పడుకున్నారు. పదకొండున్నరకు పడుకునేవాళ్లు నాలుగింటికి లేస్తామని తీర్మానించడం స్లాబు లెక్క వేయకుండా పునాది తవ్వడమే. రెండోది డబ్బు. కానుకకు, సంఘానికి, లేనివాళ్లకు నెలకు ఎంత ఇవ్వగలరో అంకె వేయండి. దశమభాగం ఇస్తామంటే అది చేతికొచ్చే జీతం మీదా, కోతలకు ముందున్న మొత్తం మీదా అన్నది ఇప్పుడే తేల్చుకోండి. తేల్చుకోకపోతే ప్రతి నెలా మనసులో బేరం నడుస్తుంది. మూడోది మనుషులు. ఈ దారిలో నడిస్తే ఎవరితో ఇబ్బంది వస్తుంది? భర్త, అత్తగారు, సాయంత్రం బాటిల్ దగ్గర కలిసే స్నేహితులు, లంచంలో వాటా పంచుకునే ఆఫీసు జట్టు. పేర్లు రాయండి.

నాలుగోది కొందరికే వర్తిస్తుంది. దాన్ని బాప్తిస్మం ముందు ఎవరూ ఎత్తరు గనక ఇక్కడ చెప్పాలి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవారికే. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారిని, వారి సంతానాన్ని ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ బీసీ-సి కింద లెక్కిస్తారు, దానికున్న రిజర్వేషన్ 1 శాతం. ఎస్టీలకు మతంతో ఈ ముడి లేదు. ఈ ఉత్తర్వు న్యాయమా అన్నది వేరే వాదన, అది ఎప్పటినుంచో నడుస్తోంది. చదువుకో ఉద్యోగానికో దరఖాస్తు పెట్టబోయే పిల్లవాడు మాత్రం ఇది నీళ్లలోకి దిగక ముందే తెలుసుకోవాలి. దిగాక తెలిస్తే కొందరు జీవితాంతం రెండు పేర్లతో, రెండు ముఖాలతో బతుకుతారు. విశ్వాసాన్ని లోపలినుంచి తినేది ఆ దాపరికమే.

కొలత తగ్గించండి

రోజుకు 20 నిమిషాలు. వారానికి 5 రోజులు. రోజుకు ఒక్క అధ్యాయం, కొత్త నిబంధన నుంచి. మొదటి ఏడాదికి ఇంతే, ఇంతకు మించి వద్దు. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలు ఉన్నాయి. వారానికి ఐదు చొప్పున 52 వారాలకు సరిగ్గా 260. ఎవరో మనకోసం లెక్క కుదిర్చినట్టే ఉంటుంది. ఆదివారం సంఘంలో ఎలాగూ వాక్యం ఉంటుంది. శనివారం ఒక కీర్తన చదివితే చదవండి, లేకపోతే లేదు.

మత్తయి మొదట వస్తుంది కదా అని అక్కడ మొదలుపెట్టకండి. మొదటి 17 వచనాలూ వంశావళి. పాత నిబంధన తెలిసినవాళ్లకు అందులో ప్రతి పేరూ ఒక కథే గానీ, కొత్తవాళ్లకు అది పెళ్లిపత్రికలో పెద్దల పేర్లలా కనిపిస్తుంది. మార్కుతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలు, మూడు వారాల మీద ఒక రోజు. 14వ అధ్యాయం 72 వచనాలు, అదొక్కటి రెండు రోజులకు పంచుకున్నా తప్పులేదు.

ఇరవై నిమిషాలను ఇలా విడగొట్టండి. మొదటి నిమిషం ఊరికే కూర్చోండి, ఊపిరి కుదుటపడనివ్వండి. తర్వాత అధ్యాయం పైకి చదవండి, ఆరేడు నిమిషాలు పడుతుంది. అందులో మిమ్మల్ని పట్టి ఆపిన భాగాన్ని మళ్లీ చదవండి, రెండు మూడు నిమిషాలు. ఐదు నిమిషాలు నోటుబుక్కు. మిగతా ఐదు ప్రార్థన.

పైకి చదవమనడానికి కారణం ఉంది. సంఘంలో వాడే తెలుగు బైబిలు గ్రాంథికంలో ఉంటుంది. "ఉపేక్షించుకొని", "వెంబడింపవలెను" లాంటి మాటలు కంటితో చదివితే జారిపోతాయి, నోటితో పలికితే అర్థం సగం దానంతటదే తెలుస్తుంది. అర్థం కాని మాట కింద పెన్సిలు గీత పెట్టి, ఆదివారం ఒక పెద్దాయనను అడగండి. వాడుక భాషలోని అనువాదం పక్కన పెట్టుకున్నా మంచిదే. కంఠస్థం చేసే వచనం మాత్రం సంఘంలో చదివే బైబిలు నుంచే పట్టండి. పదిమందితో కలిసి పలికినప్పుడే అది గుర్తుంటుంది.

ఫోనులో చదవొచ్చా? చదవొచ్చు, ప్రయాణంలో అదే దిక్కు. ఇంట్లో మాత్రం కాగితం బైబిలే మేలు. మార్కు మూడో అధ్యాయం మధ్యలో ఎవరో గుడ్ మార్నింగ్ పువ్వుల బొమ్మ పంపితే మీ ఇరవై నిమిషాల్లో పన్నెండు అక్కడే పోతాయి.

నోటుబుక్కు వంద పేజీల మామూలుది చాలు. రోజుకు మూడు వరుసలు: ఏముంది, నాకేంటి, ఈరోజు ఏం చేస్తాను. మార్కు 2 చదివిన రోజు పేజీ ఇలా ఉండొచ్చు.

*మంగళవారం. మార్కు 2.*
*ఏముంది: పక్షవాయువు ఉన్నవాణ్ణి నలుగురు మోసుకొచ్చి పైకప్పు విప్పి దించారు. యేసు "వారి" విశ్వాసం చూశాడు.*
*నాకేంటి: ఇన్నాళ్లూ మంచం మీద ఉన్నవాడి గురించే ఆలోచించాను. మోసినవాళ్ల గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.*
*ఈరోజు: మోకాళ్ల నొప్పులతో నెల రోజులుగా ఆరాధనకు రాని మేనత్తకు సాయంత్రం ఆరింటికి ఫోను. ఆదివారం ఆటోలో తీసుకెళ్తానని చెప్పాలి.*

అసలు పని చేసేది మూడో వరుస, ఎక్కువమంది తప్పేదీ దాని దగ్గరే. "ఇంకా ప్రేమగా ఉండాలి", "విశ్వాసంలో ఎదగాలి" అని రాస్తారు. రాత్రి పడుకోబోయే ముందు "చేశానా?" అని అడిగితే అవునో కాదో చెప్పలేని వరుస పనికిరాదు. అత్తకు ఫోను చేశారో లేదో ఎవరైనా చెప్పగలరు. ప్రతిరోజూ కొత్త పని దొరకదు, ఫర్వాలేదు. దొరకని రోజు నిన్నటి పని పూర్తయిందో లేదో రాయండి.

పాత అలవాటుకు కట్టండి

"పొద్దున చేస్తాను" అనేది వేళ కాదు. "పాలు పొయ్యి మీద పెట్టి, కాచి దించాక, కాఫీ గ్లాసుతో వంటింటి గట్టు దగ్గర స్టూలు మీద" అన్నది వేళ. ఇప్పటికే తప్పకుండా జరుగుతున్న పనికి దీన్ని ముడివేయాలి. హాస్టల్లో ఉన్నవాళ్లు మెస్సు టిఫిను ముందు మేడ మీద. పిల్లల్ని బడి బస్సు ఎక్కించే తల్లి బస్సు కదిలిన వెంటనే, తలుపు వేసుకుని, అంట్లు ముట్టకముందే. అంట్లు ముట్టాక ఇక కుదరదు. రాత్రి షిఫ్టు చేసే ఐటీ ఉద్యోగికి తెల్లవారుజాము ప్రార్థన పేరుతో అపరాధ భావం అక్కర్లేదు. అతని పొద్దు మధ్యాహ్నం రెండింటికి మొదలవుతుంది, అదే అతని ఉదయం.

దానియేలు రోజుకు మూడుసార్లు మోకాళ్లూనేవాడు. దేవునికి ప్రార్థించకూడదని రాజు శాసనం వచ్చిన రోజున కూడా "యథాప్రకారముగా" చేశాడని ఆరో అధ్యాయం 10వ వచనం. సింహాల గుంత ముందు కొత్తగా ధైర్యం తెచ్చుకున్నాడని కాదు, ఎప్పుడూ చేసేదే చేశాడని అక్కడున్న మాట.

కువైట్ లాంటి చోట ఇళ్లలో పనిచేసే మన అక్కచెల్లెళ్లకు సొంత గది, సొంత వేళ రెండూ కష్టమే. అక్కడి తెలుగు సంఘాలు ఎక్కువగా శుక్రవారం కూడుకుంటాయి, సెలవు లేనివాళ్లు దానికీ పోలేరు. వాళ్లకు ఇరవై నిమిషాల లెక్క చెప్పడం అన్యాయం. ఒక వచనం చిన్న కాగితం మీద రాసుకుని, వారమంతా దానితోనే ఉండండి. బట్టలు ఇస్త్రీ చేస్తూ పలకండి. ఏడాదికి 52 వచనాలు గుండెలో ఉంటాయి. అది చిన్న ఆస్తి కాదు.

లెక్క అడిగే మనిషి ఒకరు

ఇద్దరు మేలని, ఒకడు పడితే రెండోవాడు లేపుతాడని ప్రసంగి 4వ అధ్యాయంలో ఉంది. ఇది లేకుండా పైన చెప్పిన కొలత కూడా మూడు నెలలు దాటదు.

ఆ మనిషి మగవారికి మగవారు, ఆడవారికి ఆడవారు అయి ఉండాలి. మీకంటే అయిదారేళ్లు ముందు నడిచినవారైతే మంచిది. మీరు అప్పు ఇచ్చినవాళ్లు, మీకు అప్పు ఇచ్చినవాళ్లు వద్దు. వియ్యాలవారు, దగ్గరి చుట్టాలు వద్దు. రేపు పొలం గట్టు తగాదా వస్తే మీ ఒప్పుకోలు పంచాయితీలో వినబడుతుంది. పాస్టరు గారు కూడా సాధారణంగా వద్దు. ఆయనకు వందమంది, ఆయన ముందు మీరు మంచిగా కనబడాలనుకుంటారు. వాట్సాప్ గ్రూపు అసలే వద్దు. అక్కడ అందరూ "ఆమెన్" అంటారు, ఒక్కరూ లెక్క అడగరు.

వారానికి ఒకసారి, అరగంట, ఒకే రోజు ఒకే వేళ. మూడే ప్రశ్నలు. ఐదు రోజుల్లో ఎన్ని జరిగాయి? మూడో వరుసలో రాసినవాటిలో ఏది చేయలేదు? ఈ వారం ఏ సంగతి నాకు చెప్పకుండా దాటేద్దామనుకున్నావు? మూడో ప్రశ్న మొదటి నెల ఖాళీగానే పోతుంది. అడగడం మానకండి. జవాబు విన్నాక ప్రసంగం మొదలుపెట్టకండి, అక్కడే ప్రార్థన చేసి లేవండి.

ఇక్కడ చెడేది ఒకటే, మాట బయటికి పోవడం. మన సంఘాల్లో చాడీకి ఒక గౌరవమైన పేరుంది: ప్రార్థన విన్నపం. "ఫలానా తమ్ముడి గురించి ప్రార్థించండి, మళ్లీ తాగుతున్నాడట" అని ఒక్కసారి బయటపడితే ఆ తమ్ముడు మీకే కాదు, ఇంకెవరికీ నోరు విప్పడు. ప్రాణహాని, పిల్లల మీద హింస లాంటివి తప్ప విన్నది అక్కడే ఉండాలి. ఈ రెండూ దాచడానికి లేదని మొదటి రోజే చెప్పుకోండి.

సంఘంలో ఒక పని పట్టుకోండి

ఒకే సంఘం. ఆదివారం ఒకచోట, బుధవారం ఇంకోచోట స్వస్థత కూటం, నెలకోసారి పట్నంలో పెద్ద సభ, రాత్రి యూట్యూబ్‌లో నాలుగో ప్రసంగీకుడు. ఇలా తిరిగేవాళ్లకు వాక్యం బాగా తెలుస్తుంది, వాళ్లెవరో మాత్రం ఎవరికీ తెలియదు. రెండు వారాలు రాకపోతే "ఏమైంది?" అని అడిగే నోరు ఒకటైనా ఉన్న చోట నాటుకోండి.

నాటుకోవడానికి ప్రసంగం వినడం చాలదు, పని కావాలి. పట్టాలు పరవడం, మైకు సెట్టు చూసుకోవడం, చెప్పులు వరసగా పెట్టించడం, ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచరణ) గిన్నెలు కడగడం, సండే స్కూలు పిల్లలకు హాజరు వేయడం. ఆరాధన పదింటికైతే పట్టాలు పరిచేవాడు తొమ్మిదింబావుకే రావాలి. మనసు లేని ఆదివారం కూడా పట్టాల కోసమైనా లేస్తాడు, వచ్చాక వాక్యం వింటాడు. ఇది తక్కువ రకం భక్తి అనుకునేవాళ్లున్నారు. పదేళ్లుగా నిలబడి ఉన్నవాళ్లను చూడండి, వాళ్లలో ఎక్కువమంది చేతిలో ఇలాంటి ఒక పని ఉంటుంది.

పని మూడు నెలల గడువుతో తీసుకోండి. గడువు లేకుండా "ఇక నువ్వే చూసుకో తమ్ముడూ" అంటే రెండేళ్లకు విసుగొచ్చి పనితోపాటు సంఘాన్నీ వదిలేస్తారు. కొత్తవాళ్లకు ఏడాదిలోపు మైకు, డబ్బు సంచి రెండూ ఇవ్వకండి. సాక్ష్యం బాగా చెప్పాడని ఆరో నెలలో స్టేజీ ఎక్కించిన కుర్రాడు తర్వాత పడితే, అందులో ఎక్కించినవాళ్ల వాటా కూడా ఉంది.

ఉపవాసం, మొక్కు గురించి క్లుప్తంగా. మొదట నెలకు ఒక పూట మానండి, నీళ్లు తాగండి. మిగిలిన ఆ అరగంట ప్రార్థనకే వాడండి, ఫోనుకు కాదు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా ఉపవాసం చేయకూడదు. చేయకపోవడం అవిశ్వాసం కాదు. మొక్కుబడి మొక్కుకుని చెల్లించకపోవడం కంటే మొక్కుకోకపోవడమే మేలని ప్రసంగి 5:5. సభలో పాట తారస్థాయిలో ఉన్నప్పుడు మీరు రాసే అంకెను మర్నాడు టిఫిను తిన్నాక మళ్లీ చూసి అప్పుడు ఇవ్వండి.

తప్పిన మర్నాడు

మీరు తప్పుతారు. తప్పే రోజున ఏం చేయాలో తప్పకముందే రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే ఆ రోజు ఆలోచించే ఓపిక ఉండదు.

ఒక్కరోజు తప్పితే ఏమీ చేయకండి. మర్నాడు ఆ రోజు అధ్యాయమే చదవండి, నిన్నటిది వదిలేయండి. రెండూ కలిపి చదవాలని కూర్చోవద్దు. బాకీ తీర్చే పద్ధతే ఎక్కువమందిని ముంచుతుంది. రోజుకు మూడు అధ్యాయాలవారు నాలుగు రోజులు తప్పితే ఐదో రోజుకు పదిహేను. పదిహేను చదవలేక ఆరో రోజుకు పద్దెనిమిది. కిస్తీ కట్టనివాడు బ్యాంకు వీధిలోంచి నడవడం మానేసినట్టు, బాకీ పెరిగినవాడు బైబిలు ఉన్న గదివైపు చూడడం మానేస్తాడు. నోటుబుక్కులో తప్పిన రోజు తేదీ వేసి పక్కన "లేదు" అని రాయండి. ఖాళీ వదలకండి, కారణాలు రాయకండి.

రెండు రోజులు వరసగా తప్పితే లెక్క అడిగే మనిషికి మెసేజి: "అన్నా, రెండు రోజులు తప్పాను. రేపు మార్కు 7 నుంచి పడుతున్నా. ఏడున్నరకు ఒకసారి అడగండి." అంతే, క్షమాపణ వ్యాసం అక్కర్లేదు. అటువైపు నుంచి జవాబు కూడా అంతే ఉండాలి: "సరే తమ్ముడూ, ఏడున్నరకు చేస్తా."

వారం పోతే మనిషిని నేరుగా కలవండి. నెల పోతే ఇరవై నిమిషాలకు తిరిగి వెళ్లకండి. ఒక వారం పాటు ఐదే నిమిషాలు, ఎనిమిది పది వచనాలు. రెండో వారం పది నిమిషాలు. మూడో వారానికి పాత కొలత. జ్వరం తగ్గినవాడికి మొదటిరోజే ఆవకాయ అన్నం పెట్టరు కదా.

ఇది అధ్యాయం తప్పిన సంగతి. పాపంలో పడితే? అక్కడా కొలత సమయమే. పడిన రోజుకూ ఒప్పుకున్న రోజుకూ మధ్య ఎంత దూరం ఉందో చూడండి. ఇరవై నాలుగు గంటల్లో దేవుని ముందూ ఆ ఒక్క మనిషి ముందూ చెప్పేసినవాళ్లు లేస్తారు. "ముందు బాగుపడి, తర్వాత వస్తాను" అని బల్లకు, ప్రార్థనకు, మనుషులకు దూరం జరిగినవాళ్లు ఆర్నెల్లు కనబడరు. తప్పు వల్ల ఇంకొకరికి నష్టం జరిగి ఉంటే, డబ్బు తిన్నా, మాట అన్నా, ఒప్పుకోలు సగం పనే. డబ్బు తిరిగివ్వాలి, అన్నచోటే ఆ మాట వెనక్కి తీసుకోవాలి.

మీరు మార్కుతో మొదలుపెట్టారు కదా, ఆ మార్కు సంగతి చూడండి. అపొస్తలుడు పౌలు, అతని సహచరుడు బర్నబాలతో మొదటి సువార్త ప్రయాణానికి బయలుదేరి, పంఫూలియలోని పెర్గే దగ్గర వాళ్లను వదిలి యెరూషలేముకు తిరిగి వెళ్లిపోయాడు (అపొస్తలుల కార్యములు 13:13). రెండో ప్రయాణానికి అతన్ని తీసుకెళ్లనని పౌలు పట్టుబట్టాడు, ఆ తగవుతో పౌలు, బర్నబా విడిపోయారు. అతన్ని వెంటబెట్టుకుని కుప్రకు ఓడ ఎక్కింది బర్నబా. ఏళ్ల తర్వాత రెండో తిమోతి నాలుగో అధ్యాయంలో రెండు వచనాలు పక్కపక్కన ఉంటాయి. పదో వచనంలో దేమా లోకాన్ని ప్రేమించి పౌలును విడిచి థెస్సలొనీకకు వెళ్లిపోయాడు. పదకొండో వచనంలో, మార్కును వెంటబెట్టుకుని రా, అతను నాకు ప్రయోజనకరమైనవాడు అంటాడు పౌలు. సంఘ సంప్రదాయం ప్రకారం మీరు పొద్దున చదువుతున్న సువార్త రాసింది ఈ వెనక్కి వెళ్లినవాడే. మధ్యలో బర్నబా లాంటివాడు ఒకడు లేకపోతే ఏమయ్యేదో అన్నది ఆలోచించాల్సిన మాట. లెక్క అడిగే మనిషిగా మిమ్మల్ని ఎవరైనా అడిగితే ఆ పాత్ర అదే.

ఎండిన రోజులు

కొలత తప్పకుండానే, అన్నీ చేస్తూనే, లోపల ఏమీ లేనట్టుండే కాలం ఒకటి వస్తుంది. ప్రార్థన గోడకు తగిలి పడినట్టుంటుంది. కొత్తవాళ్లకు సాధారణంగా బాప్తిస్మం తర్వాత మొదటి ఏడాదిలోనే ఇది మొదటిసారి వస్తుంది. విశ్వాసం పోయిందని భయపడతారు.

కారణం వెతికేటప్పుడు కింది మెట్టునుంచి వెతకండి. ముందు నిద్ర, తిండి. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూలబడి చావు కోరుకుంటే దేవదూత వాక్యం చెప్పలేదు, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు, రెండోసారి కూడా లేపి తినిపించాడు (1 రాజులు 19). తర్వాత దాచిన తప్పు ఏదైనా ఉందా చూడండి. ఆ తర్వాత, ఏడవకుండా మింగేసిన దుఃఖం. ఇవేవీ కాకుండా రెండు వారాలకు మించి నిద్ర పట్టక, దేనిమీదా ఆసక్తి లేక, బతకాలని లేకపోతే ప్రార్థనతోపాటు డాక్టరు దగ్గరకు కూడా వెళ్లండి. డిప్రెషన్‌ను దయ్యమని నూనె రాసి, మాత్రలు ఆపించే చోట నిలబడకండి, బయటికి రండి.

ఆ రోజుల్లో సంతోషపు పాటలు పాడమని మిమ్మల్ని మీరు బలవంతం చేయొద్దు. 13వ కీర్తన ఆరే వచనాలు, "ఎంతకాలం?" అని అడుగుతూ మొదలవుతుంది. 88వది చీకటి మాటతోనే ముగుస్తుంది, చివర్లో వెలుగు తెచ్చి అతికించరు. వాటిని మీ ప్రార్థనగా చదవండి. యెషయా 42:3లో "మకమకలాడుచున్న జనుపనార వత్తి" అని ఉంది. నూనె అయిపోయి, మంట లేక, పొగ మాత్రం వచ్చే దీపం వత్తి. దేవుని సేవకుడు దాన్ని ఆర్పడని అక్కడ రాసి ఉంది.

ఇంట్లో ఒప్పుకోనప్పుడు

కొత్తగా నమ్మినవాళ్లు ఇంట్లో ఒక్కరే అయితే, మొదటి ఆరు నెలలూ మాట తగ్గించి పని పెంచండి. ఆదివారం వంట ఆలస్యమైందనే మాట రాకూడదు, శనివారం రాత్రే కూర తరిగి పెట్టుకోండి. పండగ రోజు పూజలో కూర్చోలేనని ఒకసారి మెల్లగా చెప్పండి. ఆ మర్నాడు చుట్టాలకు వడ్డించడంలో, గిన్నెలు తోమడంలో అందరికంటే ముందుండండి. పెళ్లికి వెళ్లండి, చావుకు వెళ్లండి. దేవుళ్ల పటాలను మీరుగా తీసేయడం, ఎగతాళి చేయడం వద్దు. ఆ ఇల్లు మీదొక్కరిదే కాదు. బొట్టు, తాళి, ప్రసాదం గురించి సంఘాల మధ్య అభిప్రాయాలు వేరువేరుగా ఉన్నాయి. ఆవేశంలో ఒక్కరోజులో తేల్చుకోకుండా కాపరితో కూర్చుని మాట్లాడండి.

ఒక గీత మాత్రం స్పష్టంగా గీయాలి. ప్రతిదినం సిలువ ఎత్తుకోమన్న మాట (లూకా 9:23) భర్త చేతి దెబ్బలు తింటూ ఉండిపొమ్మని కాదు. కొడుతుంటే ముందు ప్రాణం కాపాడుకోండి. పుట్టింటివాళ్లకు, నమ్మకమైన అక్కకు, అవసరమైతే 181 మహిళా హెల్ప్‌లైన్‌కు చెప్పండి. ఓర్చుకోమని చెప్పే సంఘ పెద్ద ఉంటే, ఆ విషయంలో ఆయన మాట వినాల్సిన పనిలేదు.

మూడు నెలలకోసారి

మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరు చివరి ఆదివారం మధ్యాహ్నం గంటసేపు నోటుబుక్కుతో కూర్చోండి. మూడు నెలల్లో 65 రోజుల పని ఉంటుంది. "లేదు" అని రాసినవి లెక్కపెట్టండి. పదిహేను లోపుంటే కొలత సరిపోయింది, కదపకండి. ముప్పై దాటితే వేళ తప్పు, మనసు కాదు, ముడి వేసిన అలవాటు మార్చండి. తర్వాత మూడో వరుసలు మాత్రం చదువుతూ పోండి. ఒకే పని పదిసార్లు రాసి ఒక్కసారీ చేయకపోతే, ఫలానా అన్నతో రాజీపడాలి అన్నది అయి ఉండొచ్చు, మిగతా రోజుల చదువంతా ఆ ఒక్కదాని దగ్గరే ఆగి ఉంది.

ఫలితం కనబడలేదని ఈ గంటలోనే చాలామందికి నీరసం వస్తుంది. ఇక్కడ ఒంగోలు సంగతి తెలిసి ఉండటం మంచిది. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను శామ్యూల్ డేతో 1836లో మొదలైంది. ఏళ్లు గడిచినా నమ్మినవాళ్లు వేళ్లమీద లెక్కకు వచ్చేంతే, 1853 నాటికి దాన్ని మూసేద్దామా అని అమెరికాలో చర్చ. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జూయెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ఆ ఊరికి ఒక పనివాణ్ణి పంపమని ప్రార్థించారు. అదీ కొత్త సంవత్సరపు తీర్మానమే. వాళ్లడిగిన పనివాడుగా మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్లు. కరువు రోజుల్లో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు పట్టి వేలమందికి కూలి ఇప్పించారు, ఆ పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు, తిండి కోసం వస్తున్నారో నమ్మి వస్తున్నారో తేలాలని. కరువు పని ముగిశాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. పుస్తకాల్లో ఆ అంకె ఒక్కటే పెద్దక్షరాల్లో ఉంటుంది. కొండెక్కిన తెల్లవారుజాముకూ గుండ్లకమ్మకూ మధ్య ఇరవై నాలుగేళ్లున్నాయి. మీ నోటుబుక్కు వయసు మూడు నెలలు.

ఏడాది తిరిగి మళ్లీ డిసెంబరు 31 రాత్రి వస్తుంది. కొత్త కాగితం మీద కొత్త తీర్మానం రాయమంటారు. మీ పాత నోటుబుక్కు సంచిలో పెట్టుకుని వెళ్లండి. ప్రకటన 22 దాకా వచ్చి ఉంటే, జనవరిలో ఆదికాండం మొదలుపెట్టండి, రోజుకు ఒక్క అధ్యాయమే, వారానికి ఐదు రోజులే. లేవీయకాండం మే మొదటి వారానికి వస్తుంది. అక్కడికి చేరేలోపు, బలుల అధ్యాయాలు విప్పి చెప్పగల ఒక పెద్దాయనను చూసి పెట్టుకోండి.